పదకొండో నంబరు కాలరు పట్టీ: యీషున్ నుంచి తువాస్ దాకా ఒక శనివారం

మా మురళి రగ్బీ చొక్కా కాలరు లోపల ఉన్న మూడు పేర్లను నేను బ్లీచు పెట్టి తుడిచేశాను. వాటిని మళ్ళీ రాయించడానికి ఒక శనివారం యీషున్ నుంచి చాంగీకి, చాంగీ నుంచి తువాస్‌కి, అక్కడి నుంచి తిరిగి యీషున్‌కి ఒంటరిగా వెళ్ళొచ్చాను. సింగపూర్‌లో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క రోజులో తిరగాలనుకునేవాళ్ళకి, ముఖ్యంగా పిల్లల దగ్గరికి వచ్చి రైలెక్కాలంటే గుండె దడ పుట్టే నా వయసు ఆడవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. నోటు పుస్తకంలో రాసి ఇస్తే మా ఇంట్లో గది అద్దెకు తీసుకున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయి సునీత టైపు చేసి పెట్టింది. తప్పులుంటే నావే.

పెళ్ళయి పిఠాపురం నుంచి ఇక్కడికి వచ్చి నలభై అయిదేళ్ళయింది. మురళి లేకలేక పుట్టినవాడు. వాడికి పన్నెండేళ్ళప్పుడు మా పేటలోని రగ్బీ క్లబ్బులో చేరాడు. జట్టుకి పదమూడు మంది ఆడే రగ్బీ. ఒకరి మీద ఒకరు పడిపోతుంటారు, నేను చూడలేక చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకునేదాన్ని. ఈ శనివారానికి ఏడాది ముందు వాడి భుజం జారింది. క్లబ్బు దగ్గర డాక్టరు లేడు, ఇన్సూరెన్సు లేదు. కోచ్ హమీద్ గారు తన టాక్సీలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. జట్టు కుర్రాళ్ళు రోజుకొకరు గంజి పట్టుకొచ్చారు. అయినా నా భయం పోలేదు. ఈలోగా చాంగీ వైపు ఒక పెద్ద కంపెనీ తన జట్టు కోసం వాడిని అడిగింది. ఆఫీసులో కంప్యూటరు ఉద్యోగం, ఆడినందుకు వేరే జీతం, భుజానికి కంపెనీ డాక్టరు. మురళి రెండు నెలలు ఊగిసలాడాడు. వెళ్ళమని పోరు పెట్టింది నేనే. ఆ శనివారం సాయంత్రం నాలుగు గంటలకి పాత క్లబ్బు తరఫున వాడి చివరి ఆట. వెళ్ళిపోతున్న సంగతి ఆట అయ్యాకే క్లబ్బులో చెప్తానన్నాడు.

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. చొక్కా ఆటగాడిది కాదు, నంబరుది. పదకొండో నంబరు తొడిగినవాడు వెళ్ళిపోయేటప్పుడు కాలరు లోపలి తెల్ల పట్టీ మీద తన పేరు రాసి చొక్కా అప్పజెప్పాలి. చొక్కా చిరిగిపోతే పట్టీని మాత్రం విప్పి కొత్తదానికి కుడతారు. అలా మురళికి ముందు ముగ్గురి పేర్లున్నాయట. నాకీ సంగతి తెలియదు. వాడి చొక్కా వాడే చల్లనీళ్ళలో ఉతుక్కునేవాడు, నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. చివరి ఆట కదా, తెల్లగా తళతళలాడేలా ఇద్దామని శుక్రవారం పొద్దున నేను నానబెట్టాను. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా రాస్తే ఒక్కొక్కటీ గుర్తుపడతాను, సంతకంలా గీకితే నాకు అవి సిరా మరకలే.

శనివారం ఏడింటికి మురళి చొక్కా సంచిలో పెట్టుకోబోతూ కాలరు తిప్పి చూశాడు.

"అమ్మా, ఇక్కడివి ఏవీ?"

"ఏవిట్రా?"

"పేర్లు. మూడు పేర్లు ఉండాలి."

"పేర్లా! సిరా మరకలనుకున్నానురా. మెడ దగ్గర అసహ్యంగా ఉందని తోమాను."

వాడు కేకలేస్తే బాగుండేది. కుర్చీలో కూర్చుని పట్టీని బొటనవేలితో రెండుసార్లు రుద్దాడు. "నెవర్ మైండ్ లా, పోనీలే. హమీద్ అంకుల్‌కి నేనే చెప్తా," అన్నాడు. దోసె ముట్టుకోలేదు. కంపెనీవాళ్ళ వైద్య పరీక్షకి తొమ్మిదింటికి వాడు వేరేచోట ఉండాలి. పేర్లు ఎవరివో అడిగాను. మొదటిది కోచ్ హమీద్ గారిదే. రెండోది అప్పన్న అనే ఆయనది, ఆయన్ని మురళి చూడనైనా లేదు. మూడోది ఆరిఫ్‌ది, అతను చాంగీ బిజినెస్ పార్కులో పని చేస్తాడు.

"చొక్కా నాకివ్వు. నాలుగింటిలోపు రాయించుకొస్తాను," అన్నాను.

"నువ్వా? సిటీ హాల్‌లో రైలు మారడమే నీకు భయం."

"భయమే. ఇవ్వు."

ఫ్లాటు కింద స్టేషనరీ దుకాణంలో గుడ్డ మీద రాసే నల్ల కలం రెండు డాలర్ల ఎనభై సెంట్లు. అది కొనుక్కుని ఏడూ యాభైకి యీషున్‌లో రైలెక్కాను. పెద్దవాళ్ళకి ఛార్జీ తగ్గేది తొమ్మిది తర్వాతే, ఆ రోజు ఆగే ఓపిక లేక పూర్తి ఛార్జీ పెట్టుకున్నాను, రెండు డాలర్ల లోపే అయింది. దారి చెప్తాను. యీషున్ నుంచి ఎర్ర గీత రైల్లో సిటీ హాల్‌లో దిగితే, తూర్పుకి పోయే ఆకుపచ్చ గీత రైలు అదే ప్లాట్‌ఫారానికి ఎదురుగా ఉంటుంది, మెట్లెక్కక్కర్లేదు. తనా మెరాలో మళ్ళీ మారి, ఒక్క స్టేషను వెళ్తే ఎక్స్‌పో. నేను ప్రతి స్టేషనులోనూ పక్కవాళ్ళని అడుగుతూనే ఉన్నాను. మొత్తం గంటన్నర లోపే. ఎక్స్‌పోలో దిగేసరికి తొమ్మిదీ పది.

స్టేషను నుంచి బిజినెస్ పార్కుకి పది నిమిషాల నడక. శనివారమైనా మెడలో కార్డులు వేలాడేసుకున్న మన పిల్లలు టీ కప్పులతో నిలబడి ఉన్నారు, సగానికి సగం తెలుగే వినిపించింది. ఆరిఫ్ వాళ్ళది హైదరాబాదు, చిన్నప్పుడే ఇక్కడికి వచ్చేశారు. ఆ పూట అతను బ్యాంకు కంప్యూటర్లు చూసే డ్యూటీలో ఉన్నాడు. మురళి ఫోను చేసి చెప్పాడేమో, కిందికి పరుగెత్తుకొచ్చాడు.

"అరే అమ్మా, మీరెందుకొచ్చిన్రు ఇంత దూరం! ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గదా."

"నేను చెరిపింది, నేనే తిరగాలి బాబూ."

"నాదొక్కటే పోయిందా, అందరివి పోయినయా?"

"అందరివీ పోయాయి."

"అయితే పర్వాలే. నాదొక్కటే పోతే ఫీల్ అయితుంటి," అని నవ్వి, చొక్కాని గోడ మీద పరిచి, పైన రెండు వరసలు వదిలి మూడో వరసలో పేరు రాశాడు. పైన రెండు పేర్లు ఎలా ఉండేవో గుర్తుందా అని అడిగాను. "ఉంది. రెండూ ఒక్కతీర్గనే ఉండె, వంకర టింకర. నాదే మంచిగుండె."

అతనెందుకు మానేశాడో అడిగితే, "నేను క్లబ్ ఇడ్వలే అమ్మా, నా మోకాలు ఇడ్సింది," అన్నాడు. నాకు లోపల పీకుతున్నది ఆగలేదు. "డబ్బు కోసం వేరే జట్టుకి పోతే మీ క్లబ్బులో ఏమనుకుంటారు బాబూ?" అని అడిగేశాను.

ఆరిఫ్ నా మొహంలోకి చూశాడు. "మురళి పోతున్నడా?"

మూడో మనిషికి చెప్పనని వాడికి మాటిచ్చాను. నోరు జారింది. "ఎవరికీ చెప్పకు నాయనా," అన్నాను.

"చెప్పను. కానీ హమీద్ అంకుల్‌కి ముందే తెలుస్తది. వాడు బూటు లేసు కట్టుకునే తీరు చూసి పట్టేస్తడు." తర్వాత గొంతు తగ్గించాడు. "అప్పన్న అన్న గట్లనే పోయిండు. ఫైనల్‌కి వారం ముందల షిప్‌యార్డు టీం ఉద్యోగం ఇస్తమంటే పోయిండు. మేమప్పుడు చిన్నోళ్ళం. ఆయన పేరెత్తితే పెద్దోళ్ళు ఉమ్మేటోళ్ళు. అంకుల్ మాత్రం ఒక్క మాట అనలే. తువాస్‌లనే ఫోర్‌మన్ ఉన్నడు ఇప్పటికి. ఇన్నేండ్లల్ల ఒక్క మ్యాచ్‌కి రాలే."

ఎవరెవరికో ఫోన్లు చేసి అప్పన్న నంబరు సంపాదించి, తనే మాట్లాడి, మధ్యాహ్నం పన్నెండున్నరకి యార్డు గేటు బయట కలుస్తాడని చెప్పాడు. నాకు టీ ఇప్పించాడు, స్టేషను దాకా వచ్చి రైలెక్కించాడు. అప్పటికి పది దాటింది.

ఎక్స్‌పో నుంచి మళ్ళీ తనా మెరా, అక్కడి నుంచి పడమటి కొస బూన్ లే దాకా ఒకే రైలు. నేను వెళ్ళిన రోజుల్లో రైలు అక్కడితో ఆగిపోయేది. గంటా పావు పట్టింది. ఈసారి పెద్దవాళ్ళ ఛార్జీ, డాలరు లోపు. దారంతా ఒకటే ఆలోచన. నేను వెళ్ళమన్నందుకే కదా మురళి వెళ్తున్నాడు, రేపు వాడి పేరెత్తితే కూడా ఉమ్ముతారా? పన్నెండేళ్ళు వాడికి బూట్లు, గంజి, టాక్సీ అన్నీ ఇచ్చినవాళ్ళు. ఇటు చూస్తే భుజం. ఇంకోసారి జారితే చెయ్యి పైకి లేవదని ఆస్పత్రిలో చెప్పారు.

బూన్ లేలో దిగి సంచిలో చెయ్యి పెడితే కలం లేదు. ఆరిఫ్ పేరు రాసి, అలవాటుగా తన జేబుకి తగిలించుకున్నాడు. స్టేషను దగ్గర వెతుక్కుంటే దొరికేదేమో, కానీ తువాస్ బస్సు వచ్చి నిలబడింది, తప్పిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందోనని ఎక్కేశాను. డ్రైవరు తమిళాయన. తమిళంలోనే అడిగాడు, నాకు అర్థమవుతుంది.

"అక్కడ మీకేం పని అమ్మా? చూడ్డానికి ఓడలూ లారీలూ తప్ప ఏం లేవు."

"షిప్‌యార్డులో ఒకాయన సంతకం కావాలి."

"ఏం కాగితం?"

"కాగితం కాదు, చొక్కా."

అద్దంలో నన్నొకసారి చూశాడు. యార్డు స్టాపు రాగానే కేకేసి దింపాడు. బస్సు ముప్పై అయిదు నిమిషాలు. తువాస్‌లో రోడ్లు చాలా వెడల్పు, నీడ తక్కువ, మనుషులు నడవరు. గొడుగు లేకుండా వెళ్ళకండి. గేటుకి ఎదురుగా కూలీలు తినే రేకుల క్యాంటీను ఒకటుంది. వంట చేస్తున్నాయనది శ్రీకాకుళం అని నోరు తెరవగానే తెలిసిపోయింది.

"ఏటమ్మా, దారి తప్పిపోనావేటి?"

"లేదయ్యా. అప్పన్న అనే ఫోర్‌మన్ కోసం వచ్చాను."

"అప్పన్న గారా! వస్తారు, కూకో. ఇంత పప్పన్నం పెడతాను. మా అమ్మ వయసుదానివి, ఎండన పడి వచ్చినావు."

అన్నం, పప్పు, వంకాయ కూర, మజ్జిగ. రెండు డాలర్ల యాభై. మజ్జిగకి తీసుకోలేదు. అక్కడ కలం అడిగితే సరుకుల చీటీ రాసుకునే పెన్సిలు చూపించాడు.

అప్పన్న హెల్మెట్టు చంకలో పెట్టుకుని వచ్చాడు. నలభై దాటినవాడు, మెడ కనిపించనంత భుజాలు. వాళ్ళ తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి వచ్చారట. తెలుగులో తమిళమూ మలయ్ మాటలూ కలిపేస్తాడు.

"ఆంటీ, మకాన్ అయిందా? తిన్నారా?" అని అడిగి కూర్చున్నాడు. నేను చొక్కా తీసి కాలరు తిప్పి చూపించాను, చేసిన పని చెప్పాను. అతను పట్టీ ముట్టుకోలేదు.

"హమీద్ అంకుల్ పంపించాడా?"

"లేదు బాబూ, ఆయనకి ఇంకా తెలియదు."

"ఇందులో నా పేరు ఎందుకుంటుంది? ఎవరో తప్పు చెప్పారు."

"మావాడు రోజూ చూసినదే. హమీద్, అప్పన్న, ఆరిఫ్. మూడు పేర్లు."

"నేను రాయలేదు ఆంటీ." గ్లాసులో నీళ్ళు చూస్తూ చెప్పాడు. "ఆ రోజు నాకు అంకుల్ మొహం చూసే ధైర్యం లేదు. పొద్దున్నే వెళ్ళి చొక్కా గ్రౌండ్ గేటుకి తగిలించి వచ్చేశాను. మా నాన్నకి పని పోయింది, చెల్లెళ్ళు ముగ్గురు. ఉద్యోగం అప్పుడే కావాలి. ఫైనల్ ఓడిపోయారని తర్వాత తెలిసింది. చొక్కా కాల్చేసుంటారనుకున్నా."

రెండూ ఒక్క తీరుగా, వంకర టింకరగా ఉండేవని ఆరిఫ్ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. అదే అతనికి చెప్పాను. వంటాయన వచ్చి నీళ్ళు పోసి, ఇద్దరి మొహాలూ చూసి వెళ్ళిపోయాడు.

"నీ పేరు హమీద్ గారే రాసి ఉంచితే నేను చెరిపేశాను బాబూ," అన్నాను. ఏడుపొచ్చింది.

"ఏడవకండి ఆంటీ. కలం ఉందా?"

కలం సంగతి చెప్తే, పని బట్టల జేబులోంచి ఇనుప రేకుల మీద గుర్తులు పెట్టే పసుపు రంగు కలం తీశాడు. వేలు లావున ఉంది. రెండో వరసలో పేరు రాశాడు. పెద్దగా వచ్చింది, పై వరసలోకీ కింది వరసలోకీ పాకింది. ఆరనివ్వమని ఊదుతూ, "ఇది సముద్రంలో కూడా పోదు. కావాలంటే ఇంటికెళ్ళి మీ బ్లీచ్ పెట్టి చూడండి," అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆట ఎన్నింటికని అడిగాడు. నాలుగింటికన్నాను. తనకి అయిదు దాకా డ్యూటీ అన్నాడు.

ఒంటిగంటా పావుకి బస్సు దొరికింది, రెండింటికల్లా బూన్ లే. అక్కడి నుంచి యీషున్‌కి సిటీ హాల్ చుట్టూ తిరగక్కర్లేదు. జురాంగ్ ఈస్ట్‌లో ఎర్ర గీత రైలు మారితే వుడ్‌లాండ్స్ మీదుగా వచ్చేస్తుంది, దాదాపు గంట. రైల్లో సంచి ఒళ్ళో పెట్టుకుని, పసుపు రంగు ఆరిందో లేదో నాలుగుసార్లు చూశాను. మూడున్నరకి మైదానం చేరాను.

హమీద్ గారితో నేను మాట్లాడేది బజార్లో నేర్చుకున్న మలయ్ భాషలో, ఆ మాటలను తెలుగులో రాస్తున్నాను. మురళి పక్కనే నిలబడ్డాడు. చొక్కా చేతికిచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పట్టీ చూశాడు.

"పసుపుది ఎవరు రాశారు?"

"అప్పన్న."

"తన చేత్తోనా?"

"నా ఎదురుగానే రాశాడు."

ఆయన స్కోరు రాసే బల్ల మీంచి కలం తీసుకుని పై వరసలో తన పేరు రాశాడు, వంకర టింకరగానే. "ముందున్నదే తప్పమ్మా. ఇప్పుడు సరిగ్గా ఉంది," అని మురళికి చొక్కా ఇచ్చేశాడు.

ఈ ఆటలో బంతి పట్టుకున్న జట్టుని అవతలివాళ్ళు ఆరుసార్లు పడేసేదాకా బంతి వాళ్ళదే, ఆ తర్వాత అవతలివాళ్ళది. మురళి జట్టుకి బంతి దొరికినప్పుడల్లా వేళ్ళ మీద ఆరు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. భుజం మీద ఎవరు పడినా లెక్క తప్పేది. ఆ రోజు మాత్రం చెంగు అడ్డం పెట్టుకోలేదు. రెండో సగం మొదలైన కాసేపటికి గేటు దగ్గర ఒక లారీ ఆగింది. పని బట్టల్లోనే అప్పన్న దిగాడు. లోపలికి రాలేదు, కంచె పట్టుకుని బయటే నిలబడ్డాడు. హమీద్ గారు ఆట వదిలేసి నీళ్ళ సీసా పట్టుకుని అటు నడిచాడు. ఏం మాట్లాడుకుంటారోనని నేను కూడా నాలుగడుగులు వేశాను.

"అంత పెద్దగా రాశావేం? తర్వాతవాళ్ళకి చోటు మిగల్చవా?" అన్నాడు హమీద్ గారు.

"నాకున్నది లావు కలమే అంకుల్."

"లోపలికి రా. నీళ్ళు తాగు."

అంతే. ఇద్దరూ బల్ల మీద పక్కపక్కన కూర్చుని, మురళి ఎక్కడ పరుగు ఆలస్యం చేశాడో వేలు చూపించి తిట్టుకున్నారు. మనవాళ్ళు రెండు పాయింట్లతో ఓడిపోయారు.

ఆట అయ్యాక మురళి చొక్కా విప్పి, మట్టి దులిపి, కోచ్ దగ్గరికి వెళ్ళాడు. హమీద్ గారే కలం చేతిలో పెట్టాడు. "చిన్నగా రాయి. పసుపాయన సగం పట్టీ తినేశాడు." ఆరిఫ్ చెప్పింది నిజమే, ఆయనకి ముందే తెలుసు. మురళి నాలుగో వరసలో పేరు రాశాడు. సంతకంలా గీకలేదు, ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాశాడు. నేను చదవగలిగాను. జట్టువాళ్ళు వచ్చి వాడి తల చెదరగొట్టారు. ఉమ్మినవాళ్ళెవరూ లేరు. చొక్కా మట్టి కొట్టుకుని ఉంది, ఉతికి తెస్తానని అడిగాను. హమీద్ గారు నన్ను పైనుంచి కిందికి చూసి, "బ్లీచు?" అన్నాడు. "చల్లనీళ్ళు," అన్నాను. "అయితే పదమూడూ తీసుకెళ్ళు," అని గోనెసంచి అంత మూట నా ముందు పెట్టాడు.

ఇది జరిగి ఏడాదిన్నరయింది. మురళి కంపెనీ జట్టులో బాగానే ఆడుతున్నాడు, వాళ్ళ డాక్టరు భుజానికి కట్టే పట్టీ ఇచ్చాడు. నేను పంపింది మంచికేనా అని ఇప్పటికీ అప్పుడప్పుడు నిద్ర లేచిన దగ్గర్నుంచి ఆలోచిస్తాను, జవాబు ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా వస్తుంది. వెళ్ళినవాడు పేరు రాసి వెళ్ళొచ్చు, రాయలేకపోతే ఉన్నవాడైనా అతని పేరు రాసి ఉంచొచ్చు అన్నది మాత్రం ఆ కాలరు పట్టీ దగ్గర నేర్చుకున్నాను. పాత క్లబ్బు చొక్కాలు పదమూడూ ప్రతి ఆదివారం మా ఇంటి వెదురు కర్రల మీదే ఆరుతున్నాయి. పదకొండో నంబరు ఇప్పుడు వేరే కుర్రాడు తొడుక్కుంటున్నాడు. పోయిన నెల రెండు జట్లకీ ఆట పడితే నేను నా చొక్కాలవాళ్ళ వైపే కూర్చున్నాను. "అమ్మా, నీ కొడుకుని ఇక్కడున్నాను," అని మురళి అవతలి నుంచి అరిచాడు. చెయ్యి ఊపి అక్కడే కూర్చున్నాను.

తువాస్ వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. యార్డుల దగ్గర నాకు దుకాణమన్నది కనిపించలేదు, కలమైనా మందు బిళ్ళైనా బూన్ లేలో బస్సెక్కే ముందే కొనుక్కోండి. కలమైతే రెండు కొనండి.